కొండమీద అన్నయ్య తలనొప్పి

మాది పెద్దతిప్పసముద్రం. మా వైపు కొండగాలి అంటే మందు. ఒంట్లో బాగుండకపోతే హార్సిలీ కొండకు పోయి నాలుగు రోజులుండి రమ్మనేవారు మా పెద్దలు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం మొదలైనప్పుడు కూడా మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే ముఖ్య చికిత్స. అలాంటి చోట పెరిగిన మాకు, కొండగాలి మనిషిని పడగొడుతుందంటే నమ్మకం కలగలేదు.

రెండేళ్ల క్రిందట జూన్ నెలలో అన్నయ్య, వదిన, నేను, నా భార్య లడఖ్ చూడబోయాము. ఢిల్లీలో విమానమెక్కిన గంటన్నరకే లేహ్‌లో దిగాము. మన హార్సిలీ కొండ 1,300 మీటర్లకు లోపే. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే, కాని గాలి ఒత్తిడి తక్కువ. అందుచేత ఒక్కొక్క ఊపిరికి, సముద్రమట్టం దగ్గర దొరికేదానిలో సుమారు మూడింట రెండు వంతుల ప్రాణవాయువే దొరుకుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని కొన్ని రోజులు పడుతుంది. శ్రీనగర్ మీదుగా రోడ్డున, దారిలో ఆగుతూ వచ్చేవారికి కొంత నయం. మేము ఆ ఆలోచనే చేయలేదు.

అన్నయ్య రైతు. యాభై ఎనిమిదేళ్ల వయసులోనూ టమోటా పెట్టెలు తానే లారీకి ఎక్కిస్తాడు. దిగిన పూటే బజారంతా తిరిగాడు. రాత్రి భోజనం ముట్టలేదు. అడిగితే, "ఏం లేదులేరా, ప్రయాణపు బడలిక" అన్నాడు.

మరునాడు ఖర్దుంగ్ లా కనుమకు కారు మాట్లాడి, డబ్బు కూడా కట్టేశాము. అది 5,300 మీటర్ల పైమాటే. బయలుదేరే ముందు వదిన నన్ను పక్కకు పిలిచింది. "మీ అన్నయ్య రాత్రంతా తల పట్టుకొని కూర్చున్నారు. రెండుసార్లు వాంతి అయింది. అందరి ప్రయాణం చెడిపోతుందని మీకు చెప్పవద్దన్నారు" అని కన్నీళ్లు పెట్టుకుంది.

కారు ఆపేసి వైద్యుని దగ్గరకు వెళ్లాము. ఆయన ముందుగా అన్నయ్యను నేలమీది గీత వెంట, ఒక పాదం వెనుక ఒక పాదం ఆనించి నడవమన్నాడు. ఇదేమి పరీక్ష అని నాకు నవ్వు వచ్చింది. ఎత్తు ప్రదేశాల్లో మెదడు వాచితే నడక తూలుతుందట, మాట తడబడుతుందట. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఊరక కూర్చున్నా ఆయాసం, దగ్గు. వీటిలో ఏది కనబడినా రాత్రి అని చూడక రోగిని క్రిందికి దించాలి; ఆక్సిజన్ పెట్టాము గదా అని ఆగకూడదు. నా నవ్వు ఆగిపోయింది.

అన్నయ్య నడక నిలకడగానే ఉంది. తలనొప్పికి మాత్ర ఇచ్చి, పడుకోమని, పూర్తిగా తగ్గేదాకా ఒక్క అడుగు పైకి పోవద్దని చెప్పాడు వైద్యుడు. నిద్రమాత్రలు, మద్యం కూడదన్నాడు. ఎసిటజోలమైడ్ అనే మందును ప్రయాణానికి ముందునుంచే వాడుకోవచ్చునట. సల్ఫా మందులు పడనివారు మాత్రం ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

అన్నయ్యకు సిగ్గు. "చిన్నపిల్లలు ఎవరెస్టు ఎక్కుతుంటే నాకేమొచ్చింది?" అన్నాడు. అతడు చెప్పింది మన మలావత్ పూర్ణ గురించే. 2014 మే 25న ఆమె శిఖరం చేరినప్పుడు వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వెంట ఆనంద్ కుమార్. ఇద్దరూ సంక్షేమ గురుకులాల విద్యార్థులే. కాని వాళ్లు డార్జిలింగులో, ఈ లడఖ్‌లోనే ముందు శిక్షణ పొంది, ఆ తరువాత వారాల తరబడి కొండకు అలవాటుపడి ఎక్కారు. దేహబలం ఎంత ఉన్నా ఈ జబ్బు రాదని లేదు. పైగా బలమున్నవాడే తొందరపడతాడు. ఈ మాట చెబితే అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కారు డబ్బులు తిరిగి రాలేదు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

మూడవ రోజు సాయంత్రం, "రాగి సంగటి దొరుకుతుందా ఇక్కడ?" అని అడిగాడు. వదిన ముఖంలో అప్పటికి నవ్వు కనబడింది. ఖర్దుంగ్ లా మానుకొని, లేహ్ కంటే దిగువనున్న ఆల్చీ గ్రామానికి వెళ్లాము. అక్కడి పాత బౌద్ధ మందిరాలు మేము చూస్తుంటే, అన్నయ్య ఆప్రికాట్ తోటల్లో కాలువ గట్టున కూర్చుని, ఈ మంచునీళ్లు వంతులవారీగా ఎట్లా పారిస్తారో డ్రైవరు చేత అక్కడి రైతును అడిగిస్తూ పూటంతా గడిపాడు.