గీత బయట నిలబడేవాళ్ళు

2024 నవంబరులో ఒక ఆదివారం. ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక మా సంఘంలోని ఒక ఆడబిడ్డ వరండాలో నా కోసం నిలబడి ఉంది. గరిడేపల్లి నుండి బస్సులో గంట దూరంలో ఉన్న పట్టణంలో, ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. తండ్రి రైస్ మిల్లులో హమాలీ. తల్లి నాట్లకూ కలుపులకూ వెళ్తుంది.

"అయ్యగారూ, గురువారం మా కాలేజీ హాకీ మ్యాచ్ ఉన్నది. చూడటానికి వస్తరా?"

"తప్పకుండా ప్రార్థన చేస్తాను బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది. గురువారం నాకు పెద్ద పనేమీ లేదు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కాని ఇది దాచిపెడితే మిగతాది రాసే హక్కు నాకుండదు.

తరువాతి ఆదివారం ఆమె పాటల బృందంలో నిలబడలేదు. వెనక వరుసలో కూర్చుంది. "ఆట మానేస్తదట అయ్యగారూ. వాళ్ళ నాయన కూడా చాల్లే అన్నడు" అని తల్లి చెప్పింది. నేనే పిల్లను పిలిచి అడిగాను. ఓడిపోయినందుకు బాధా అని.

"ఓడిపోయినందుకు కాదు అయ్యగారూ. అవతలి జట్టు పిల్ల కింద పడితే గీత బయట నుంచి నలుగురు పేరు పెట్టి పిలిచిన్రు. నేను పడితే నేనే లేచిన."

నాకు మాట రాలేదు. ఆమె కోసం ప్రార్థన చేసిన మాట నిజమే. కాని ఆ రోజు నా నోట వచ్చిన 'ప్రార్థన చేస్తాను' అన్నది 'నేను రాను' అనే మాటకు పెట్టుకున్న మర్యాదైన పేరు. పద్దెనిమిదేళ్ళ సేవలో అట్లా ఎంతమందికి చెప్పానో ప్రభువుకే తెలుసు.

మన ప్రాంతంలో ఆట చూసే అలవాటు లేదనుకుంటే పొరపాటు. కబడ్డీ అంటే ఎవరూ పిలవనక్కర లేదు. 2021 మార్చిలో సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు జనం పోటెత్తారు. 22వ తేదీన ప్రేక్షకులు కూర్చున్న గ్యాలరీ ఒకటి కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ వార్త మన ఇళ్ళల్లో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మరి కబడ్డీకి అంత జనం ఎందుకు? ప్రతివాడూ చిన్నప్పుడు దుమ్ములో గీత గీసి కూత పెట్టినవాడే కనుక. హాకీ కర్ర చేతపట్టినవాడు మా మండలంలో ఎంతమంది? తనకు తెలియని ఆటను ఎవడూ నిలబడి చూడడు.

అట్లాగని హాకీ మనకు పరాయిది కాదు. హైదరాబాదు వాడైన ముకేష్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరాల్లో మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి రజని భారత జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడింది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ పెడితే మొదటి కప్పు గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్ జట్టు. ఆ లీగ్ 2008 తరువాత ఆగిపోయింది. ఇప్పుడు హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని మరో జట్టు ఉంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ కూడా ఆడింది. అయితే ఆ ఫైనల్ జరిగింది ఒడిశాలోని రూర్కెలాలో. మన రాజధాని పేరు పెట్టుకున్న జట్టు గెలుపోటముల మధ్య ఊగుతుంటే చుట్టూ ఉన్నది ఒడిశా జనం. ఆటగాళ్ళు లేక కాదు, చూసేవాళ్ళు లేక మనం వెనకబడ్డామని నాకు అనిపిస్తుంది.

డిసెంబరులో సంఘ పెద్దల కూడికలో ఈ సంగతి ఎత్తాను. జనవరి చివరలో ఆ కాలేజీకి మళ్ళీ మ్యాచ్ ఉంది, మనం కొందరం వెళ్దాం అన్నాను. ఒక పెద్దాయన నవ్వాడు. "కాలేజీ పిల్లల ఆట ఎవడు చూస్తడండీ?"

యౌవనస్థుల్లో ఒకడు ఫోను తీసి చూపించాడు. 2010 డిసెంబరు 11న అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తమ ఫుట్‌బాల్ మైదానంలో మంచు పేర్చి, పొరుగున ఉన్న మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంతో మంచు హాకీ ఆడారట. ఆ చలిలో లక్ష మందికి పైగా వచ్చి కూర్చున్నారు. అదీ కాలేజీ పిల్లల ఆటే.

"అది అమెరికా, ఇది గరిడేపల్లి" అన్నాడు పెద్దాయన. ఆ మాట సబబే.

అప్పుడు నేను సుందర్‌గఢ్ సంగతి చెప్పాను. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో నా గదిలో ఒడిశాలోని ఆ జిల్లా నుండి వచ్చిన మిత్రుడు ఉండేవాడు. వాళ్ళ వైపు పల్లెల్లో హాకీ పోటీకి కప్పు ఉండదట. గెలిచిన జట్టుకు బహుమతి ఒక మేకపోతు. జట్టు పోటీకి బయలుదేరితే ఊరు ఊరంతా వెంట నడుస్తుంది. గెలిచి మేకను తెచ్చుకుంటే ఆడిన పదకొండు మందే తినరు, ఊరంతా వండుకుని తింటుంది. మిషన్ బడుల ఆవరణల్లోనూ గుడి పక్క ఖాళీ జాగాల్లోనూ పెరిగిన ఆట అది. రాంచీ మిషన్ బడిలో చదువుకున్న జైపాల్ సింగ్ 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మన దేశపు జట్టుకు కెప్టెన్. మొదటి ఒలింపిక్ బంగారు పతకం అప్పుడే వచ్చింది. సుందర్‌గఢ్ పల్లెలో పుట్టిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి, 2022లో హాకీ ఇండియాకు అధ్యక్షుడయ్యాడు. 2023 ప్రపంచ కప్పు కోసం అదే జిల్లాలోని రూర్కెలాలో 20 వేల మంది కూర్చునే స్టేడియం కట్టారు. ఆ స్టేడియం ముందు రాలేదు, ఆ మేకపోతు ముందు వచ్చింది. చూడవచ్చినవాడికి కూడా ఆటలో వాటా ఉందని ఆ పల్లెలు ముందే ఒప్పుకున్నాయి.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "మేక నేనివ్వలేను, బియ్యం ఇస్త" అన్నాడు.

నేను కాలేజీకి వెళ్ళి ఫిజికల్ డైరెక్టర్ మేడంను కలిశాను. పిల్లలకు ఏం కావాలని అడిగితే కర్రలు, గోల్‌కీపర్ ప్యాడ్లు చెబుతుందనుకున్నాను. "అవీ కావాలి సార్. కాని ముందు మనుషులు కావాలి. జట్టులో పదహారు మంది ఉన్నరు. వీళ్ళ ఇళ్ళల్లో ఒక్కరు కూడా ఈ ఆట చూడలేదు. చూడని ఆటను మానెయ్యమనడం చాలా తేలిక" అంది. ఆ మాట నా గుండెలో దిగింది. మా సంఘపు తండ్రి ఒక్క మాటతో చాల్లే అనడానికి కారణం అదే కదా.

మైదానం పక్కన నిలబెట్టి ఆమె నాకు ఆట నేర్పింది. కర్రకు బల్లపరుపుగా ఉన్న వైపే బంతిని కొట్టాలి, గుండ్రటి వెనక వైపు తగిలితే తప్పు. బంతి కాలికి తగిలినా తప్పే. గోలు ముందర అర్ధచంద్రంలా ఒక గీత ఉంటుంది, దాన్ని 'డి' అంటారు. ఆ గీత లోపల నుంచి కొడితేనే గోలు, బయట నుంచి నేరుగా కొట్టింది లెక్కకు రాదు. 'డి'లో తప్పు చేస్తే అవతలివాళ్ళకు పెనాల్టీ కార్నర్. అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోలు గీత దగ్గర కాచుకుని ఉండాలి.

ఆ బుధవారం స్త్రీల కూడిక అయ్యాక వరండా మీద సుద్దముక్కతో ఇదంతా గీశాను. చింతగింజలు పేర్చి జట్లు చూపించాను. ఒక అవ్వ శ్రద్ధగా విని, "అంత పెద్ద కట్టె చేతికిచ్చి కాలికి తగలొద్దంటే ఎట్లయ్యా?" అంది. అందరూ నవ్వారు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ నియమం అందరికీ గుర్తుండిపోయింది.

తరువాత పదహారు మంది పేర్లూ కాగితం మీద రాసి, ఇంటికొక పేరు పంచాను. "నీవు ఎవరి కోసం వస్తున్నావంటే ఈ పిల్ల కోసం" అని చెప్పాను. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మన బిడ్డ ఒక్కతే కదా, మిగతా పదిహేను మంది వేరే ఇళ్ళవాళ్ళు, వేరే మతాలవాళ్ళు కదా అన్నారు కొందరు. కరపత్రాలు కూడా పట్టుకుపోదాం, మంచి అవకాశం అన్నారు మరి కొందరు. నేను రెంటికీ ఒప్పుకోలేదు. ఆట చూడటానికి వచ్చామని చెప్పి వేరే పని చేస్తే ఆ పిల్లలు రెండోసారి మనల్ని నమ్మరు. బ్యానరు వద్దు, కరపత్రం వద్దు. పేరు నేర్చుకోండి, గొంతు తీసుకురండి, అంతే.

జనవరి అంటే నాట్ల కాలం. ఒక రోజు రమ్మంటే ఒక రోజు కూలి పోగొట్టుకోమన్నట్టే. అయినా ముప్పై ఇద్దరం బయలుదేరాం. అందులో ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా. ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నారు. ఆస్పత్రికో, పెళ్ళికో, చావుకో తప్ప బస్సెక్కని అక్కలు ఆట చూడటానికి బస్సెక్కారు. పెద్దాయన ఇచ్చిన బియ్యంతో చేసిన పులిహోర రెండు గిన్నెల్లో మా కాళ్ళ మధ్య ఉంది.

ఆ పిల్ల తండ్రిని కూడా పిలిచాను. మిల్లులో లోడు ఉందన్నాడు.

సూర్యాపేట గుర్తుండి, గోడలు ఎక్కవద్దని యౌవనస్థులకు గట్టిగా చెప్పి, అందరినీ వేపచెట్టు నీడన నేల మీద కూర్చోబెట్టాను. పిల్లలు మైదానంలోకి వస్తూ మమ్మల్ని చూసి ఎవరో అనుకున్నారు. అవ్వ లేచి నిలబడి తన కాగితంలోని పేరు పెట్టి పిలిచింది. ఆ గోల్‌కీపర్ పిల్ల హెల్మెట్ పైకెత్తి మా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

అంతా చక్కగా సాగిందని చెబితే అబద్ధం. మన పడుచువాళ్ళు కొందరు అవతలి జట్టు గోల్‌కీపర్‌ను పట్టుకుని వెకిలి మాటలు అరవడం మొదలుపెట్టారు. నేను వారించేలోగా విరామం వచ్చింది. మా పిల్లే చెమటతో గీత దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆమెను అట్ల అనొద్దని చెప్పుండ్రి. ఆమె నాతోటి క్యాంపుల ఉన్నది" అంది. ఆట నియమాలన్నీ నేర్పిన నేను చూసేవాళ్ళకు ఉండవలసిన నియమం నేర్పడం మరిచాను. కుర్రవాళ్ళు తలలు దించుకున్నారు. తరువాతి సగంలో అవతలి పిల్ల ఒకతె మోకాలు కొట్టుకుని పడితే, ముందుగా "లే బిడ్డా, లే" అన్నది మా అవ్వే.

రెండు గోల్స్‌కు ఒకటి తేడాతో ఓడిపోయాం. 'ఓడిపోయాం' అని అప్రయత్నంగా రాశాను. నవంబరులో 'ఓడిపోయారు' అన్నాను. పులిహోర రెండు జట్లకూ కలిపి పెట్టాం. అవతలి గోల్‌కీపర్ రెండుసార్లు వడ్డించుకుంది.

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరో పక్క పట్టుకుని నిలిపిన సంగతి మనకు తెలుసు. వాళ్ళు కత్తి పట్టలేదు, లోయలోకి దిగలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. చూడవచ్చినవాడు చేయగలిగింది అంతకంటె ఏముంది? గెలిచాక వచ్చేవాళ్ళు చుట్టాలు. ఓడిపోయేటప్పుడు లేచిపోనివాళ్ళే ఇంటివాళ్ళు.

సాయంత్రం బస్టాండులో ఒక మనిషి మా వెనక నుండి వచ్చి నిలబడ్డాడు. భుజాల మీద తవుడు దుమ్ము, నెత్తికి తువ్వాలు. మిల్లు నుండి తిన్నగా వచ్చి గేటు దగ్గరే నిలబడి ఆట సగం నుండి చూశాడట. బిడ్డతో ఏమీ అనలేదు. నా పక్కన సీట్లో కూర్చుని, చాలా దూరం పోయాక అడిగాడు.

"మనోళ్ళు కొట్టిన రెండోది లోపల పడ్డది కదా అయ్యగారూ, గోలు ఎందుకియ్యలే?"

బస్సు కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో 'డి' గీసి చూపించాను. గీత బయట నుంచి కొట్టిందయ్యా అన్నాను. ఆయన ఆ గీతను చాలాసేపు చూశాడు. దిగేముందు, "మళ్ళ ఎప్పుడు ఆట?" అన్నాడు.

ప్రియ చదువరీ, మీ ఊరి పిల్లలు కూడా ఎక్కడో ఒక మైదానంలో, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేకుండా ఆడుతూ ఉంటారు. చందా అడగడం లేదు. ఒక పేరు నేర్చుకోండి, ఒక మధ్యాహ్నం ఇవ్వండి. పడుకోవడానికి మధ్యాహ్నాలు ఇంకా చాలా ఉంటాయి.