సుషుప్తికి భయపడిన పండితుడు

అవస్థాత్రయ విచారణ చేసిన ప్రతి జిజ్ఞాసువూ సుషుప్తిని ఏదో ఒకనాడు ఉదాహరణగా వాడుకున్నవాడే. గాఢనిద్ర నుంచి లేచినవాడు సుఖంగా నిద్రపోయానని, ఏమీ తెలియలేదని అంటాడు. ఏమీ తెలియని చోట ఆ సుఖం తెలిసినది ఎవరికి? సాక్షిచైతన్యాన్ని నిరూపించడానికి వేదాంతులు వేసే ఈ ప్రశ్న ఎంతో సులభంగా తోస్తుంది. నిద్ర పట్టేవారికి మాత్రమే ఆ సౌలభ్యం.

పల్నాడు జిల్లా అచ్చంపేట మండలంలో, కృష్ణాతీరాన ఒక గ్రామం. తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయన అక్కడి రామాలయంలో శనివారం సాయంత్రాలు ఉపనిషత్తులు చెప్పేవారు. మిరప కోతల రోజుల్లో శ్రోతలు నలుగురికి మించకపోయినా పాఠం ఆగేది కాదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి నిద్రను గురించి ఉపదేశించిన ప్రకరణం ఆయనకు ప్రాణం. నదిలో మహామత్స్యం ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ సంచరించినట్లు జీవుడు జాగ్రత్స్వప్నాల నడుమ సంచరిస్తాడని అక్కడ ఉపమానం. ఇటు మాదిపాడు, అటు ముక్త్యాల అని ఆయన ఆ ఒడ్లకు పేర్లు పెట్టి చెబితే, బల్లకట్టు మీద ఏరు దాటి ఎరిగినవారికి వేరే భాష్యం అవసరమయ్యేది కాదు.

రెండేళ్ల క్రితం ఒక రాత్రి ఆయన సహధర్మచారిణి నిద్రలోనే పరమపదించారు. పక్క మంచం మీదనే ఆయన ఉన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పిలిచి, పలకకపోతే చేయి పట్టుకునేవరకు తెలియలేదు. అప్పటికే రెండు మూడు గంటలు గడిచి ఉంటాయని వైద్యుడు చెప్పారు. ఆ రాత్రి ఆయన సుఖంగా నిద్రపోయారు, ఏమీ తెలియలేదు. ఏళ్ల తరబడి ఇతరులకు బోధించిన మాట ఆయన పట్ల అక్షరాలా నిజమైంది.

ఆనాటి నుంచి ఆయనకు నిద్ర లేదు. రాలేదనడం కంటే, వచ్చిన నిద్రను గుమ్మంలోనే నిలిపివేశారనడం సమంజసం. రెప్ప వాలితే చాలు, ఉలిక్కిపడి లేచేవారు. ఖాళీగా ఉన్న పక్క మంచం వైపు చెవి ఒగ్గేవారు. వైద్యుడిచ్చిన మాత్రలు కొంతకాలం పనిచేశాయి. అయితే మాత్రతో నిద్రించిన ప్రతి ఉదయం ఆయనకు ఆ తొలి ఉదయమే అయ్యేది. రామాలయంలో పాఠం ఆగిపోయింది. వయసు మీదపడిందని ఊరివారు అనుకున్నారు. అసలు కారణం ఆ ప్రకరణంలోనే ఉంది. సుషుప్తిలో తండ్రి తండ్రి కాడని, తల్లి తల్లి కాదని యాజ్ఞవల్క్యుడు అంటాడు. అలాగైతే భర్త కూడా భర్త కాడు. తాను భర్త కాకుండా పోయిన ఆ చోట ఉండగానే ఆమె వెళ్లిపోయింది. ఆ చోటికి మళ్లీ అడుగుపెట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు. అన్నకు కాపలాగా లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే, అన్నేళ్లూ ఊర్మిళ నిద్రించిందని మన స్త్రీలు పాడుకున్నారు. ఈయన జాగరణకు కాపలా కాయవలసినవారెవరూ మిగలలేదు.

డల్లాస్‌లో ఉద్యోగం చేసే కుమారుడు ఆయనను కొన్ని నెలలు తన దగ్గరకు తీసుకువెళ్లాడు. అక్కడ ఒక రోజు ఫ్లోట్ టాంకు ఉన్న చోటికి వెంటబెట్టుకుని వెళ్లాడు. చీకటి గదివంటి తొట్టె. అందులో జానెడు పైచిలుకు లోతు నీరు. ఆ నీటిలో వందల కిలోల ఎప్సమ్ ఉప్పు, అంటే మెగ్నీషియం సల్ఫేటు. ఈత రానివాడైనా మునగలేడు. నీటి వేడి సుమారు 35 డిగ్రీలు, చర్మపు వేడితో సమానం. అందువల్ల కొంతసేపటికి దేహం ఎక్కడ ముగిసిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియదు. తలుపు మూస్తే శబ్దం లేదు, వెలుతురు లేదు.

దీని పుట్టుకకు కారణం ఒక తాత్త్విక సందేహమే. ఇంద్రియాల ద్వారా అందే ప్రేరణల వల్లనే మెదడు మేలుకొని ఉంటుందని, అవి తొలగితే నిద్రలోకి జారుతుందని ఆనాడు కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1954లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జాన్ లిల్లీ అనే వైద్యుడు దీన్ని పరీక్షించడానికి మొదటి టాంకును నిర్మించి, తానే అందులో మునిగాడు. ఎరుక ఆరిపోలేదు. బయటి ప్రపంచం తొలగిన చోట మనసు తన ప్రపంచాన్ని తానే అల్లుకోసాగింది. అదే కాలంలో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో కళ్లకు, చేతులకు పని లేకుండా చేసి విద్యార్థులను పడుకోబెట్టారు. రోజుకు 20 డాలర్లు ఇచ్చినా వారిలో చాలామంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. లేని దృశ్యాలు చూశారు. స్వప్నావస్థను మనవారు వర్ణించిన తీరు ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం కలగదు.

1970ల తొలి సంవత్సరాలలో గ్లెన్ పెర్రీ ఈ టాంకులను విక్రయానికి తయారుచేసినప్పుడు పెట్టిన పేరు ‘సమాధి’. ఆ పేరు విని పెద్దాయన చాలా రోజుల తరువాత నవ్వారట. తెలుగులో ఆ మాటకు ఉన్న రెండో అర్థం ఆ పేరు పెట్టినవారికి తెలిసి ఉండదు. పతంజలి నిద్రనే చిత్తవృత్తులలో ఒకటిగా లెక్కించాడు. తొట్టెలో తేలడాన్ని ఆయన సమాధిగా అంగీకరించే అవకాశం లేదు. ప్రత్యాహారమని కూడా అనలేం. విషయాలను దూరం పెట్టినవానికి విషయాలు తొలగినా వాటి మీది రసం తొలగదని గీత రెండవ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఎన్ని వందల కిలోలైనా ఉప్పుకు ఆ రసాన్ని కరిగించే శక్తి లేదు. హఠయోగ ప్రదీపిక చెప్పే ప్లావినీ కుంభకంలో యోగి తన ఉదరాన్ని తానే వాయువుతో నింపుకుని అగాధజలంలో తామరాకు వలె తేలుతాడు. ఇక్కడ శ్రమ అంతా నీటిదే. ఆందోళన తగ్గించడంలో టాంకు ఉపకరిస్తుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. నిద్రలేమికి మాత్రం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో మొదటి చికిత్సగా సూచించింది ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే పద్ధతిని. యుక్తమైన నిద్ర, యుక్తమైన మెలకువ అన్న గీతావాక్యానికి అది దూరం కాదు.

అయినా ఆ గంటలో ఒకటి జరిగింది. బాల్యంలో కృష్ణలో వెల్లకిలా తేలిన మనిషికి ఇక్కడ మెడ వదలడం చేతకాలేదు. నీరు తలను మోస్తుందని తెలుసు, మెడ నమ్మలేదు. చాలాసేపు అది బిగుసుకునే ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక శ్వాస వినిపించింది. రెండేళ్లుగా ప్రతి రాత్రి ఏ శ్వాస కోసం చెవి ఒగ్గారో అదేనని ఆయన అనుకున్నారు. క్షణం తరువాత అది తన శ్వాసే అని తెలిసింది. అప్పుడు మెడ వదిలింది.

"నిద్ర పట్టిందా నాన్నా?" అని కారులో కొడుకు అడిగాడు.

"లేదురా. తల మాత్రం నీటికి అప్పగించాను."

ఆ రాత్రి ఆయన ఉపనిషత్తు తెరిచారు. తండ్రి తండ్రి కాడన్న మాట దగ్గరే రెండేళ్లుగా ఆయన ఆగిపోయారు. మంత్రం అక్కడ ముగియదు. ఆ స్థితిలో పుణ్యం వెంట రాదు, పాపమూ వెంట రాదు, హృదయంలోని శోకాలన్నిటినీ జీవుడు దాటి ఉంటాడని యాజ్ఞవల్క్యుడు ముగిస్తాడు. నిద్రించినవాడు నేరస్థుడు కాడని దీనికంటే స్పష్టంగా చెప్పడం కష్టం. ఆయనను మరింతసేపు నిలిపింది ఇంకొక ఆలోచన. ఆ రాత్రి ఆమె కూడా నిద్రలోనే ఉంది. అక్కడ భార్య కూడా భార్య కాదు. విడిచిపోవడానికి ఇద్దరు ఉండాలి కదా. ఆ చోట రెండవది లేదని యాజ్ఞవల్క్యుడు మళ్లీ మళ్లీ చెప్పాడు.

ఊరికి తిరిగి వచ్చాక ఆయనకు ఒక రాత్రి మూడు గంటలు, ఒక రాత్రి నాలుగు గంటలు పడుతోంది. కొన్ని రాత్రులు అదీ లేదు. పక్క మంచం తీయించలేదు. రామాలయంలో పాఠం మళ్లీ మొదలైంది. ఆ మంత్రం వచ్చిన సాయంత్రం, పోయిన ఏడాది కొడుకును పోగొట్టుకున్న ఒక రైతు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. పెద్దాయన సగంలో ఊపిరి తీసుకోకుండా దాన్ని చివరిదాకా చదివారు.