సముద్రం కోసం కొండెక్కారు!

జపాన్ అనగానే అందరికీ టోక్యో, క్యోటోలే గుర్తొస్తాయి. ఈసారి కాస్త ఉత్తరానికి వెళ్లి చూడండి. టోక్యోలో బుల్లెట్ ట్రైన్ ఎక్కి ఇచినోసెకిలో దిగాలి. అక్కడ్నుంచి కొండల మధ్య తాపీగా సాగే లోకల్ ట్రైన్ ఎక్కితే కెసెన్నుమా రేవు వస్తుంది. ఆ పక్కనే మోనే అనే బుజ్జి పల్లె. నేను వెళ్లింది దానికోసమే.

ఇక్కడ హతకేయామా కుటుంబం ఆయిస్టర్లు, అదేనండీ, తినే ఆల్చిప్పలు పెంచుతుంది. నీళ్లమీద తెప్పలు కట్టి, వాటికి తాళ్లు వేలాడదీస్తారు. మేత వేసే పని లేదు. నీటిలోని ప్లాంక్టన్‌ని తిని అవే పెరుగుతాయి. అంటే, నీళ్లు బాగుంటేనే వ్యాపారం.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2.46కి 9.0 తీవ్రతతో భూకంపం. వెనకే సునామీ. తెప్పలు, పడవలు అన్నీ కొట్టుకుపోయాయి. ఇంటిపెద్ద షిగెయత్సు హతకేయామా తల్లి కూడా చనిపోయారు. నీళ్లలో చేప జాడే లేదు. సముద్రం చచ్చిపోయిందేమో అనుకున్నారాయన.

కొన్ని వారాలకు చిన్న చేపలు తిరిగొచ్చాయి. క్యోటో యూనివర్సిటీ పరిశోధకులు నీళ్లు పరీక్షిస్తే ప్లాంక్టన్ పుష్కలంగా ఉంది! ఎందుకంటారా? దానికి కొండ ఎక్కాలి.

1960, 70ల్లో ఇక్కడి నీళ్లు కలుషితమై ఎర్రబడ్డాయి. ఆయిస్టర్లు కూడా ఎర్రగా మారితే ఎవరు కొంటారు? 1984లో ఫ్రాన్స్ వెళ్లిన షిగెయత్సు ఓ సంగతి గమనించారు. ఆయిస్టర్లు బాగా పెరిగేచోట కలిసే నదికి ఎగువన చక్కటి అడవులున్నాయి. కుళ్లిన ఆకుల మట్టిలోంచి ఇనుము లాంటి పోషకాలు నదిలో కలిసి, సముద్రంలో ప్లాంక్టన్‌కి ఆహారమవుతాయి. అంతే, 1989లో జాలర్లంతా మురోనె కొండెక్కి మొక్కలు నాటడం మొదలుపెట్టారు. వేట బాగా పడినప్పుడు పడవలపై ఎగరేసే రంగుల జెండాల్ని కొండమీద ఎగరేశారు!

మా భాషలో చెప్పాలంటే సర్వర్ పోయింది కానీ, బ్యాకప్ కొండమీద భద్రంగా ఉంది. తెప్పలు మళ్లీ కట్టుకున్నారు. ఫ్రాన్స్ నుంచీ సాయం అందింది. ఒకప్పుడు అక్కడి ఆయిస్టర్లు జబ్బుతో పోతే, ఆదుకున్నది ఈ తీరం నుంచి వెళ్లిన పిల్ల ఆయిస్టర్లే మరి!

ఈ తీరంలో చాలాచోట్ల ఎత్తైన కాంక్రీటు గోడలు కనిపిస్తాయి. మోనేలోనూ దాదాపు 10 మీటర్ల గోడ కడతామంటే ఊరంతా కలిసి వద్దంది. ఇళ్లు మాత్రం ఎత్తుమీదికి మార్చుకున్నారు. భూకంపానికి కుంగి ఉప్పునీళ్లు చేరిన పొలాల్ని అలాగే వదిలేశారు. ఇప్పుడక్కడ గుల్లలు, చేపపిల్లలు పెరుగుతున్నాయి. అమ్మని తీసుకెళ్లిన సముద్రమే. అయినా దానికి అడ్డుగోడ వద్దనుకోవడం మాటలు కాదు.

షిగెయత్సు 2025 ఏప్రిల్‌లో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తెప్పల పని ఇప్పుడు కొడుకులది. వెళ్తే చలికాలంలో వెళ్లండి, ఆయిస్టర్ల సీజన్ అదే. తిన్నాక ఒక్కసారి వెనక్కి తిరిగి కొండవైపూ చూడండి. రుచి మొదలయ్యేది అక్కడే.