పలక మీద చేయి

గుంటూరు నుంచి కంభం వెళ్లే రైల్లో కిటికీ పక్కన మా అబ్బాయి కూర్చున్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. వినుకొండలో బండి ఆగగానే "బోర్డు చదువు" అన్నాను. "వి... ను..." అని ఆగాడు. "ఇంత చిన్న పేరు కూడా చదవలేవా?" అన్నాను. మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఏ స్టేషన్లోనూ బోర్డు వైపు చూడలేదు.

రెండు వారాల కింద బడిలో టీచరు నన్ను పిలిచి, "బాబు ఇంకా కూడబలుక్కుని చదువుతున్నాడు. ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టరా?" అని అడిగారు. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. ఆ రోజు పుస్తకం ముందు వాడి మీద గట్టిగా అరిచాను. అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. తల్లిగా నాకు ఏదీ చేతకావడం లేదన్న దిగులు అప్పటి నుంచి వదల్లేదు. సెలవు పెట్టి పుట్టింటికి బయల్దేరాను.

దారిలో మార్కాపురంలో దిగాం. పిన్ని అక్కడ పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వాకిట్లో ఒక పెద్దాయన రాతిబిళ్లను నిలబెట్టి, అంచుకు ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడుతున్నాడు. కాసేపటికి రాతిలో వెంట్రుకంత గీత పడింది. ఉలిని కాస్త లోపలికి జరిపి ఆగాడు. పొర చప్పుడు లేకుండా విడివడింది. మా వాడు నోరు తెరిచి చూస్తున్నాడు. "గట్టిగా కొడితే పొర రాదు నాయనా, ముక్కలొస్తాయి" అన్నాడాయన.

మా తరంలో ఎందరో ఓనమాలు దిద్దింది ఈ ఊరి పలకల మీదే. నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఇప్పుడు గోడలకు అతికించే డిజైన్ పలకలు ఎక్కువగా చేస్తున్నారు. పిన్ని వెతికి, చెక్క చట్రం ఉన్న పాత పలకొకటి మనవడి చేతిలో పెట్టింది.

సాయంత్రం అమ్మతో కలిసి కంభం చెరువు కట్ట ఎక్కాం. రెండు కొండల సందును మూసి, గుండ్లకమ్మను ఆపిన కట్ట ఇది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఈ చెరువే పంచాంగం. నిండిన ఏడు వరి పండేది. నిండని ఏడు అమ్మానాన్న హైదరాబాద్‌కు బిల్డింగ్ పనులకు పోయేవాళ్లు, నేను అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. శ్రీశైలం నీళ్లు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసేనాటికి నాకు ఆరేళ్లు. పడమటి ప్రకాశంలో నాలాగా పెరిగినవాళ్లు ఊరూరా ఉన్నారు.

అమ్మకు నా గోడంతా చెప్పాను. చాలాసేపు నీళ్ల వైపు చూసి, అంది: "నీకు అమ్మోరు పోసినప్పుడు నేను ఆడ సిమెంటు తట్ట మోస్తా ఉన్నా. కబురు తెలిసి వచ్చేసరికి నీకు తలకు నీళ్లు కూడా పోసేసినారు. బిడ్డ పక్కన లేకపోతినే అని ఇప్పటికీ కుములుతా ఉంటా తల్లీ."

నేను నిర్ఘాంతపోయాను. నాకు గుర్తున్నది వేరే. ఆ రోజు అమ్మ మార్కాపురం బస్టాండులో కొన్న పలక తెచ్చింది. అమ్మకు చదువు రాదు. సిమెంటుకు పగుళ్లిచ్చిన అరచేతిని పలక మీద ఆనించి, బలపంతో చుట్టూ గీయమంది. తను తిరిగి వెళ్లాక చాలా రోజులు ఆ చేతిని తుడవనివ్వలేదు నేను. పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

"పలకా? నాకు గుర్తే లేదే" అంది అమ్మ.

ముప్పై ఏళ్లుగా అమ్మ ఒక లోటు మోస్తోంది. నా లెక్కలో ఆ లోటు లేనే లేదు. ఆమెకు గుర్తయినా లేనిది నాకు ఆస్తి. బిడ్డకు లోటే రానివ్వని తల్లి అక్కర్లేదని, సరిపడా మంచి తల్లి చాలని బ్రిటన్ పిల్లల డాక్టరు డొనాల్డ్ వినికాట్ 1953లోనే రాశాడు. ఎప్పుడో చదివాను. అప్పుడు అది మాటగానే మిగిలింది. ఆ కట్ట మీద మా అమ్మ మొహం చూస్తుంటే అర్థమైంది. తల్లి తన తప్పులు రాసుకునే పుస్తకం వేరు, బిడ్డ దాచుకునే పుస్తకం వేరు. నా బిడ్డ ఏది దాచుకుంటాడో నాకు తెలియదు. అరిచిన రాత్రిని నేను తుడిచేయలేను. కానీ ఆ ఒక్క రాత్రితో నన్ను నేను తేల్చేసుకోనక్కర్లేదు.

తిరుగు రైల్లో వాడితో చెప్పాను, "ఆ రోజు అలా అరవకుండా ఉండాల్సింది నాన్నా, తప్పు నాదే" అని. వాడేమీ అనలేదు. కాస్త జరిగి నా చేతికి ఆనుకున్నాడు.

దొనకొండలో బండి ఆగింది. బోర్డు వైపు వాడే చూశాడు. "దొ... న..." నేను పలకలేదు. బండి కదిలింది. బోర్డు వెనక్కి జరిగి, కనుమరుగైంది. వాడు ఒళ్లో పలక మీద వేలితో ఏదో దిద్దుకుంటున్నాడు. చాలాసేపటికి తలెత్తి అన్నాడు:

"కొం... డ. దొనకొండ."