బట్టతలకు రక్తప్రసరణ లోపమే కారణమా?

తల వెంట్రుకలంటే మనవారికి ఉన్న మమకారం ఇంతా అంతా కాదు. మొక్కు తీర్చుకునేటప్పుడు కూడా వాటిని జుట్టు అనక, తలనీలాలు అని గౌరవంగా పిలుచుకుంటాం. అందుచేత ముప్పై ఏళ్లు నిండకముందే నుదురు వెడల్పవుతున్నదని అద్దం ముందు దిగులుపడే యువకులను చూసి పరిహాసం చేయటం మాకు సమ్మతం కాదు. అయితే ఆ దిగులు ఒక ప్రమాదకరమైన నమ్మకానికి దారితీస్తున్నప్పుడు, దాని నిజానిజాలను విచారించక తప్పదు.

కర్మాగారంలోకి కొత్తగా వచ్చిన యువకులు కొందరు సేఫ్టీ హెల్మెట్ పెట్టుకోవటానికి వెనుకాడటం మేము గమనిస్తూనే ఉన్నాం. కారణమడిగితే, "అది తలను నొక్కి రక్తం ఆడనివ్వదు సార్, జుట్టు ఊడిపోతుంది" అంటారు. డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వెళ్లేటప్పుడూ అదే సమాధానం. హెల్మెట్ తల మీద ఉండవలసింది పోయి బండికి వేలాడుతూ ఉంటుంది.

ఈ నమ్మకానికి బొత్తిగా ఆధారం లేదని కొట్టివేయలేము. తలకు రక్తం నుదుటి వైపు నుండి, కణతల నుండి, చెవుల వెనుక నుండి, మెడ వెనుక నుండి వచ్చే ఐదు జతల ధమనుల ద్వారా అందుతుంది. నడినెత్తి వీటన్నిటికీ కొసన ఉన్నది. పైగా కణతల వద్ద, తల వెనుక చర్మం కింద కండరాలున్నాయి గాని, నడినెత్తిన ఒక గట్టి పొర మాత్రమే ఉన్నది. కాలువ చివరి పొలానికి నీరు సరిగా అందనట్లే నడినెత్తికి రక్తం అందదనీ, అందుకే అక్కడి పైరు ముందుగా ఎండిపోతుందనీ అనుకోవటం సహజం. 1989లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించిన కొలతల ప్రకారం, బట్టతల ఆరంభమైన పురుషుల తలలో చర్మం కింది రక్తప్రవాహం ఇతరులలో కంటే 2.6 రెట్లు తక్కువగా ఉన్నది. 1996లో వెలువడిన మరొక పరిశీలనలో, అటువంటి వారి తల ముందు భాగపు చర్మంలో ప్రాణవాయువు కూడా తక్కువగా కనిపించింది. ఇక మినాక్సిడిల్ సంగతి తెలిసిందే. రక్తనాళాలను వెడల్పుచేసే రక్తపోటు మాత్రగా అది మొదట వాడుకలోకి వచ్చింది. వాడినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగటం చూసి దానిని తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో దానికి ఆమోదం లభించింది.

ఇంతవరకు చూస్తే రక్తమే దోషి అనిపిస్తుంది. కాని రక్తం తగ్గినందువల్ల జుట్టు పోయిందా, జుట్టు పోయినందువల్ల రక్తం తగ్గిందా అన్నది తేల్చుకోవాలి.

1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యుక్తవయస్సుకు ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదని చూపించాడు. వారికి పురుష హార్మోనును ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి జుట్టు రాలటం మొదలయింది. ఈ హార్మోను నుండి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే పదార్థం, వంశపారంపర్యంగా దానికి లొంగే కుదుళ్లను క్రమంగా కుంచింపజేస్తుందని తరువాత తెలిసింది. 1959లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే న్యూయార్క్ వైద్యుడు తల వెనుక భాగపు కుదుళ్లను తీసి బట్టతల మీద నాటిన ఫలితాలను ప్రకటించాడు. అవి అక్కడ నిక్షేపంగా పెరిగాయి. నీరు లేకనే పొలం ఎండితే, తెచ్చి నాటిన నారు కూడా ఎండాలి కదా! అది పచ్చగా ఎదిగిందంటే లోపం నీటిలో లేదు, మొదటి విత్తనంలోనే ఉన్నదన్నమాట.

అలాగని రక్తానికి జుట్టుతో పనిలేదని కాదు. వెంట్రుక ఎదిగే దశలో కుదురు చుట్టూ సన్నని రక్తనాళాలు విస్తరిస్తాయి, విశ్రాంతి దశలో తగ్గిపోతాయి. రక్తనాళాలను పెంచే ఒక ప్రోటీను ఎక్కువైన ఎలుకలలో వెంట్రుకలు దట్టంగా పెరిగినట్లు 2001లో వెల్లడయింది. కనుక రక్తప్రసరణ సహాయకారియే గాని, మూలకారణం మాత్రం హార్మోను, వంశలక్షణాలే. కుదురు చిన్నదైతే దాని అవసరమూ చిన్నదవుతుంది. కొలతలలో కనిపించిన తగ్గుదలకు ఇది చాలావరకు సమాధానం చెబుతుంది.

ఇప్పుడు హెల్మెట్ సంగతి చూద్దాం. లోపలి పట్టీ బిగుసుకునేది తల చుట్టూ, అంటే నుదుటి మీద, కణతల మీద, వెనుక భాగాన. బట్టతల ఎంత ముదిరినా జుట్టు నిలిచి ఉండేది ఆ ప్రక్కలందు, వెనుకనే. ఒత్తిడి వల్ల జుట్టు ఊడేటట్లయితే ముందుగా పోవలసింది అక్కడి జుట్టే. రెంటికీ సంబంధం కలపటం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టటమే. పట్టీని తరచు శుభ్రపరచుకుని, తలను చెమట లేకుండా ఉంచుకుంటే చాలు.

నూనెతో మర్దనా చేసుకోవటం హాయిగానే ఉంటుంది, అభ్యంతరం లేదు. కాని నెత్తికి రక్తం దిగుతుందని శీర్షాసనం ఆరంభించేవారు, ముఖ్యంగా అధిక రక్తపోటు, గ్లాకోమా ఉన్నవారు, ముందుగా వైద్యుని సంప్రదించాలి. టైఫాయిడ్ వంటి జ్వరం తరువాత గాని, ప్రసవానంతరం గాని రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలితే అది వేరే సమస్య. చాలావరకు తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపాలను కూడా పరీక్షించుకోవాలి. మినాక్సిడిల్, 1997లో అమెరికాలో బట్టతలకు ఆమోదం పొందిన ఫినాస్టరైడ్, రెండూ వాడినన్నాళ్లే పనిచేస్తాయి. వాటిని వైద్యుని సలహాతోనే వాడటం మంచిది.

రక్తప్రసరణ గురించి నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు మరొకటి ఉన్నది. 2000లో 22,071 మంది అమెరికన్ పురుష వైద్యుల వివరాలను పరిశీలించగా, నడినెత్తిన జుట్టు బాగా పోయినవారిలో గుండెజబ్బు 36 శాతం ఎక్కువగా కనిపించింది. బట్టతల గుండెజబ్బును తెస్తుందని దీని అర్థం కాదు. అయినా అద్దంలో నడినెత్తి కనిపించిన రోజున నూనె సీసా కోసం వెతికేముందు రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోవటం, పొగత్రాగటం మానటం తెలివైన పని.

యువ సోదరులకు మా మనవి ఒక్కటే. జుట్టు తలిదండ్రులిచ్చిన వాటా, దాని లెక్క దానిది. రేపటి షిఫ్టునుండి మాత్రం హెల్మెట్‌ను తల మీదనే ఉంచండి. ఇంట్లో ఎదురుచూసేవారికి మీ జుట్టు కంటే మీ తల ముఖ్యం.