మంచె మీద చలి

నవంబరు మొదటి వారం వచ్చిందంటే మిన్నెసోటాలో ఆఫీసు కుర్చీలు ఖాళీ అవుతాయి. జింకల వేట మొదలయ్యే రోజులవి. లక్షల మంది లైసెన్సు కొనుక్కుని, కళ్ళు చెదిరే నారింజ రంగు టోపీలూ కోట్లూ తొడుక్కుని అడవులకు పోతారు. తోటి వేటగాడు జింక అనుకుని కాల్చకుండా ఆ రంగు. మినియాపొలిస్‌లో ఇన్నాళ్ళుండీ నేనెప్పుడూ వెళ్ళలేదు. తుపాకీ ముట్టను, చలి పడదు. ఈసారి నాతో పనిచేసే కుర్రాడు వాళ్ళ నాన్నగారి క్యాబిన్‌కి రమ్మన్నాడు. ఊరికే పక్కన కూర్చుంటే చాలన్నాడు. ఆ ఊరికే కూర్చోవడం ఎంత పనో అక్కడికి పోయాక తెలిసింది.

డులూత్ దాకా దారి గురించి చెప్పడానికేమీ లేదు. డులూత్‌లో వేట సామాన్ల దుకాణంలో ఆగాం. ఒక గోడ నిండా గ్లౌజులే. బట్టల కొట్లో చీరలు చూసినట్టు ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తుంటే కొట్లో అతను వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు.

"మీరు నడుస్తారా, కూర్చుంటారా?"

కూర్చుంటానన్నాను. "అయితే ఈ గోడ వదిలెయ్యండి" అని పక్క వరుసకి తీసుకుపోయాడు. అయిదు వేళ్ళకీ అయిదు గదులుంటే ప్రతి వేలూ తన చలి తనే కాచుకోవాలట. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది, గాలి తగిలే మేరా తగ్గుతుంది. అదే మిట్టెన్. నడిచేవాడికి గ్లౌజులు చాలు, కూర్చునేవాడికి మిట్టెన్ ఉండాలి. లోపలి అట్టల మీద 40 గ్రాములు, 100 గ్రాములు, 200 గ్రాములు అని రాసి ఉంది. గ్లౌజు బరువేమో అనుకునేరు, చదరపు మీటరుకి ఎంత దూది లాంటి పదార్థం పరిచారో ఆ లెక్క. ఆ పదార్థం పేరు థిన్సులేట్. బ్యాటరీతో వేడెక్కే గ్లౌజులు కూడా చూపించాడు. "మా నాన్న చూస్తే నవ్వుతాడు" అన్నాడు మావాడు. నా మటుకు నాకు నవ్వు రాలేదు, ధర చూసి వెనక్కి పెట్టేశాను. పల్చటి ఊలు గ్లౌజుల జత ఒకటి కొని బయటపడ్డాం.

అక్కణ్ణుంచి 61వ నంబరు రోడ్డు సుపీరియర్ సరస్సు ఒడ్డునే పోతుంది. సరస్సంటాం గానీ చాలాచోట్ల అవతలి గట్టు కనపడదు, కెరటాలు సముద్రంలాగే కొడతాయి. దారిలో టూ హార్బర్స్ అనే చిన్న ఊరు. ఆ థిన్సులేట్‌ని 1970ల చివర్లో అమ్మకానికి తెచ్చిన త్రీఎమ్ కంపెనీ పుట్టింది ఈ ఊళ్ళోనేనని మావాడు చెప్పాడు. 1902లో అయిదుగురు కలిసి, ఈ సరస్సు ఒడ్డు రాళ్ళలో సానరాయికి పనికొచ్చే కురువిందం ఉందని గని మొదలుపెట్టారు. తవ్వాక తెలిసింది, అది కురువిందం కాదు, సానకు పనికిరాని మామూలు రాయి. గని మునిగింది గానీ కంపెనీ మునగలేదు. గరుకు కాగితం నుంచి అంటించే టేపు దాకా, చివరికి చేతులకి వెచ్చదనం దాకా వచ్చింది. పనికిరాని రాయి మీద పెట్టిన కంపెనీ నూరేళ్ళు దాటి నిలబడిందంటే నాకు ముచ్చటేసింది. కాసేపు దిగి చూద్దామన్నాను. చీకటి పడుతోందని మావాడు ఆపలేదు.

క్యాబిన్ ఫిన్లండ్ అనే ఊరి దగ్గర. ఫిన్లండ్ దేశం నుంచి వలస వచ్చిన వాళ్ళు నిలబెట్టుకున్న ఊరది. పెద్దాయనకి, అంటే మావాడి నాన్నగారికి, డెబ్భై దాటి ఉంటాయి. సిల్వర్ బేలో టాకొనైట్ అనే ఇనుప ముడిరాయి కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇనుప పొయ్యి పైన వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో జత తోలు మిట్టెన్లు. చాపర్లు అంటారు ఇక్కడ. చెట్లు కొట్టే కూలీలు వేసుకునేవట. పైన జింకతోలు, లోపల విడిగా తీసి ఆరబెట్టుకునే ఊలు తొడుగు. ఆవుతోలు తడిసి ఆరితే చెక్కలా బిగుసుకుంటుంది, జింకతోలు మెత్తగానే ఉంటుంది. ఒకప్పుడు తోళ్ళు కొనే వ్యాపారికి జింకతోలిస్తే బదులుగా ఒక జత చేతికిచ్చేవాడట. ఆ మేకుల మీదున్న వాటిలో సగం అలా వచ్చినవే.

"నీ చెయ్యి చూపించు" అన్నాడు నాతో. నా అరచేతికి సరిపోయే జత పక్కన పెట్టి, దానికన్నా పెద్దది తీశాడు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, లోపల గాలి నిలవాలి అన్నాడు. తర్వాత చేసిన పని చూసి నవ్వొచ్చింది. రెండు మిట్టెన్లకీ పొడవాటి తాడు కట్టి, నా కోటు ఒక చేతిలోంచి దూర్చి, మెడ వెనకగా ఇంకో చేతిలోంచి తీశాడు. చిన్నపిల్లలకి కడతారే, అలాగ.

తెల్లారకుండానే బయల్దేరాం. బయట మైనస్ 8 డిగ్రీలు. నడిచేటప్పుడు కోటు గుండీలు తీసెయ్యమన్నాడు, మిట్టెన్లు వేలాడనివ్వమన్నాడు. చెమట పడితే ఆ తడే తర్వాత చంపుతుందన్నాడు. మంచె చెట్టుకి ఆనించి కట్టిన చెక్క గది. మన జొన్నచేలో మంచెకి తలుపూ కిటికీలూ పెట్టినట్టుంటుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు. అప్పటి నుంచి కదలకూడదు, మాట్లాడకూడదు.

ఎంతోసేపు కాకముందే నా వేళ్ళ కొసలు మొద్దుబారాయి. పెద్దాయన గమనించి, నా చేతుల జోలికి రాకుండా నా మెడకి మఫ్లర్ బిగించి, టోపీ చెవుల కిందికి లాగాడు. పొట్ట, మెడ, తల చల్లబడితే ఒళ్ళు ముందు వాటినే కాచుకుంటుంది, వేళ్ళకి రక్తం ఆపేస్తుంది. చర్మం 15 డిగ్రీలకి దిగితే వేళ్ళకి పనితనం పోతుంది, 8కి దిగితే స్పర్శే తెలియదు. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు వేళ్ళని మంచునీళ్ళలో పెట్టించి చూశాడు. మూసుకున్న రక్తనాళాలు కొన్ని నిమిషాలకి వాటంతటవే తెరుచుకుని, మళ్ళీ మూసుకుంటున్నాయి. పెద్దాయన చేతులు వట్టివే అయినా ఎర్రగా, వెచ్చగా ఉండటం చూస్తే, ఆయన వేళ్ళలో ఆ తలుపులు నాకంటే త్వరగా తెరుచుకుంటాయేమో అనిపించింది. వేడి పొట్లాలు కూడా ఇచ్చాడు. లోపల ఇనుపపొడి, గాలి తగిలితే తుప్పు పట్టి వేడెక్కుతుంది. మణికట్టు దగ్గర పెట్టుకోమన్నాడు.

జింక వచ్చింది. నేను చూసింది జింకని కాదు, ఆయన చేతుల్ని. కుడి మిట్టెన్ జారి తాడు మీద వేలాడింది, చప్పుడు లేదు. లోపల పల్చటి ఊలు గ్లౌజు, దాని చూపుడు వేలు కొస కత్తిరించి ఉంది. లావుపాటి గ్లౌజు ట్రిగ్గర్‌కి తగులుకుంటే మనం అనుకోకముందే పేలుతుంది, అందుకని ఆ కత్తిరింపు. నైలాన్ అయితే గరగరమంటుంది, జింక చెవికి అది చాలు. ఒకే గుండు.

పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు గ్లౌజులన్నీ తీసేసి మోచేతుల దాకా లోపల పెట్టాడు. ఆవిరి లేచింది. "ఈ పొద్దుట చేతులు నిజంగా వెచ్చబడేది ఇప్పుడే" అని నవ్వాడు. కాళ్ళు పట్టుకున్నాను గానీ చూపు పక్కకి తిప్పుకున్నాను. ఆపైన ఆయన మొదట చేసిన పని చేతులు పొడిగా తుడుచుకోవడం. తర్వాత సంచిలోంచి ఇంకో పొడి జత తీశాడు.

సాయంత్రం సౌనా. కట్టెలతో కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లితే లేచిన ఆవిరిలో పొద్దుటి చలంతా వదిలిపోయింది. అంత సుఖం ఏ హోటల్లోనూ ఎరగను. ఉల్లిపాయలతో వేయించిన కాలేయం మాత్రం ఉప్పు తక్కువై సహించలేదు. మిగిలిన రోజులన్నీ చలి, కాఫీ, ఖాళీ అడవి.

తిరుగుదారిలో అదే దుకాణంలో ఒక సైజు పెద్ద చాపర్లు కొన్నాను. నవంబరు చివర్లో పాతకాలపు తుపాకుల సీజను మొదలవుతుంది, మళ్ళీ రమ్మన్నాడు పెద్దాయన. గొట్టంలో మందు పోసి, గుండు దట్టించి, చిటికెన వేలి గోరంత టోపీ అమర్చాలి. అది చాపర్లతో అయ్యే పని కాదు. దానికేం వేసుకుంటారని అడిగితే, "వచ్చి చూడు" అన్నాడు. సౌనా ఉంటుందన్నాడు కాబట్టి ఆలోచిస్తున్నాను.