మీ తాతల పేర్లు చెప్పగలరా?

పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి.

మేము ముగ్గురం భద్రాచలం ఏజెన్సీ నుంచి హైదరాబాదుకు డిగ్రీ చదవడానికొచ్చిన కోయ పిల్లలం. మూడిళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్లో తిండికి, మంచానికి లోటు లేదు గానీ చేతిఖర్చులకు ఎవరిస్తారు? అందుకే పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా 20 లీటర్ల వాటర్ క్యాన్లు వేసే పని పట్టుకున్నాం. ముగ్గురం వంతులేసుకుని చేశాం. ఎవరు ఏ ఇంట్లో ఏం చూసినా రాత్రి రూములో మిగతా ఇద్దరికీ చెప్పాల్సిందే. అందుకే ఇదంతా ‘మేము’ అనే రాస్తున్నాం.

ఆ ఇళ్లల్లో ఒకటి మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. తలుపు తీసింది తెల్లజుట్టు అమెరికా ముసలాయన. తెల్లచొక్కా, టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ల. లోపల ఆయన భార్య, ఆమెకూ అలాంటి బిళ్లే. క్యాన్ భుజం మీంచి దించకముందే ఆయన చెయ్యేసి పట్టుకోబోయాడు. డెబ్బై ఏళ్ల మనిషి! ‘నో సార్, నో సార్’ అని ఆపడమే మా మొదటి ఇంగ్లీషు సంభాషణ.

వాళ్లది ఐడహో రాష్ట్రం. బంగాళాదుంపలు పండించే రైతులు. పొలం కొడుక్కి అప్పజెప్పి, జనం మోర్మన్లు అని పిలిచే చర్చి తరఫున 18 నెలల సేవకు వచ్చారు. ఆ చర్చి 1830లో అమెరికాలో మొదలైంది. ఇప్పుడు దాని కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. 2012లోనే ఇక్కడ వాళ్ల ‘స్టేక్’ ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం. దేశంలో అదే మొదటిది.

జీతం గట్టిగానే ఉంటుందేమో అనుకున్నాం. జీతమే లేదట. పిల్లల బాధ్యత తీరిన పెద్ద జంటలు ఇలా కొన్ని నెలల నుంచి రెండేళ్లలోపు దాకా, సొంత ఖర్చుతో వెళ్తారట. మా నీళ్ల డబ్బులు కూడా వాళ్ల దుంపల డబ్బులే అన్నమాట.

మేం వెళ్లేసరికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు గ్రంథం పైకి చదువుకుంటూ ఉండేవాళ్లు. ఏడింటికి మనవళ్లకు ఫోను. ఇక్కడ పొద్దున ఏడైతే, చలికాలంలో అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఫ్రిజ్ నిండా పిల్లల ఫొటోలే. ఆ తర్వాత ఆయన స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని బయల్దేరతాడు. ఇద్దరిద్దరుగా తిరిగి ప్రచారం చేసే కుర్ర మిషనరీలు ఉండే అద్దె ఇళ్లకు వెళ్లి వాటర్ ఫిల్టరు, గ్యాసు, తాళాలు చూస్తాడు. ఆమె బిల్లులు, లెక్కలు రాస్తుంది. ఆ కుర్రాళ్లది మా వయసే. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు 18 నెలలు. పందొమ్మిదేళ్ల పిల్లాణ్ణి కూడా ‘ఎల్డర్’ అంటారు, అంటే పెద్ద! మన ఊళ్లల్లో తల పండితేనే పెద్ద. సోమవారం వాళ్లకు బట్టలు ఉతుక్కునే, సరుకులు తెచ్చుకునే రోజు. ఆ రోజు ఆమె పొద్దున్నుంచే దుంపలు ఉడకబెట్టేది, కుర్రాళ్లు తినడానికి వస్తారని. నెలలో మొదటి ఆదివారం మాత్రం రెండు పూటలు ఉపవాసం, ఆ పొద్దున పొయ్యి చల్లగా ఉండేది.

ఒక్క విషయం మాకు మొదట్లో గుచ్చుకుంది. ఎన్నిసార్లు పోయినా నిమ్మకాయ నీళ్లే ఇచ్చేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు కాదు. వేరే ఫ్లాట్లలో మాకోసం కిటికీలో పక్కకు పెట్టిన గ్లాసు సంగతి మాకు తెలుసు. ఇక్కడా అదేనేమో అనుకున్నాం. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాం. ఆమె ముందు నవ్వింది, మా ముఖాలు చూసి ఆగిపోయింది. వాళ్ల మతంలో టీ, కాఫీ, సారా, పొగాకు ఏదీ ముట్టరట. ఇంట్లో టీపొడే లేదు. అంత తొందరగా తప్పుగా అనుకున్నందుకు సిగ్గేసింది. కానీ అనుకోవడం నేర్పింది మేము కాదు కదా.

ఇంకో రోజు ‘నీళ్లను మీ భాషలో ఏమంటారు?’ అని అడిగింది. ‘నీళ్లు’ అన్నాం. ‘అది తెలుగు, నాకూ వచ్చు. మీ భాషలో?’ అంది. ఒక్క క్షణం నోరు రాలేదు. ‘ఏర్’ అన్నాం. నోటుబుక్కులో రాసుకుంది. హాస్టల్లో మూడేళ్లుగా మాలో మేమే తెలుగులో మాట్లాడుకుంటున్నాం, ఎవరైనా వింటారని.

ఒక పొద్దున తలుపు తీసేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఆయన తమ్ముడు పోయాడు. అంత్యక్రియలు రాత్రంతా ఫోన్లో చూశారు. ‘వెళ్లలేదా సార్?’ అంటే, ‘వెళ్లేవాళ్లం. కానీ టికెట్టు దొరికి చేరేసరికి అంతా అయిపోయేది’ అన్నాడు. మేమేం అనలేకపోయాం. సెమిస్టరు పరీక్షలని మాలో ఒకడు వాళ్ల తాత దినాలకు పోలేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఆ మాట చెప్పి ఏడ్చాడు.

అప్పుడే ఆమె అడిగింది, ‘మీ తాత పేరేంటి? ఆయన తండ్రి పేరు? ఆయన తండ్రిది?’

ముగ్గురం తాత దగ్గరే ఆగిపోయాం. అందులోనూ ఇద్దరి తాతల పేర్లు సోమయ్యే, సోమవారం పుట్టారు కాబట్టి. రేషన్ కార్డులో ఒకరకం, పట్టాలో ఇంకోరకం రాసుంటుంది. ఆమె తన ల్యాప్‌టాప్‌లో వాళ్ల వంశవృక్షం చూపించింది. చెట్టు కొమ్మల్లా కిందికి దిగుతూనే ఉంది. యూటాలో రాతికొండ లోపల తొలిచిన గదుల్లో ప్రపంచం నలుమూలల పేర్ల రికార్డులు దాచారట. ‘మీ వాళ్ల పేర్లూ తెలుసుకుని ఇవ్వండి, ఎక్కిద్దాం’ అంది.

ఎందుకు దాస్తారని అడిగాం. దాచకుండా చెప్పింది. చనిపోయిన పెద్దల పేరు మీద, వాళ్ల వంశంలో బతికున్నవాళ్లు ఆలయంలో బాప్తిస్మం తీసుకుంటారట. పోయినవాళ్లు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, అది వాళ్ల ఇష్టమేనని వాళ్ల నమ్మకం.

ఆ రాత్రి రూములో పెద్ద గొడవ. మాలో ఒకడి కుటుంబం తాత కాలం నుంచే చర్చికి పోతుంది. ‘పేరు రాసుంటే తప్పేంట్రా, లేకపోతే ఎవరికి గుర్తుంటాం?’ అన్నాడు. ఇంకొకడు ‘భూములు పోయినయ్, ఇప్పుడు చచ్చినోళ్లను కూడా ఇద్దామా?’ అని లేచాడు. మూడోవాడు మెల్లగా అన్నాడు, ‘ఇద్దామా వద్దా అని కొట్లాడుతున్నాం. మన దగ్గర ఉన్నాయా అసలు?’ ముగ్గురం గమ్మునైపోయాం.

ఇంటికి ఫోన్ చేశాం. అవ్వ తిట్టింది. ‘ఆ పేర్లు ఫోన్లో చెప్పేవి కాదురా. డోలీ వాళ్లొచ్చి పడిగె విప్పినప్పుడు కూర్చుని వినాలి’ అంది.

సెలవుల్లో పోయాం. డోలు మోగింది, అక్కుం ఊదారు, పడిగె గుడ్డ విప్పారు. మా గట్టు ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరికి పుట్టారు, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచొచ్చారు, అన్నీ ఆ డోలీ తాత పాటలో వచ్చాయి. చిన్నప్పుడు ఆ పాట వస్తుంటే మేము ఐస్‌క్రీము బండి దగ్గర ఉండేవాళ్లం. ఈసారి రాసుకుంటూ పోతే చెయ్యి నొప్పెట్టింది. తర్వాత మీ కొడుకు నేర్చుకున్నాడా తాతా అని అడిగాం. ‘ఆటో నడుపుతుండు బిడ్డా’ అన్నాడు. ఆ మాటకు మాకు జవాబు లేదు, మేమూ డిగ్రీ చదువుతున్నవాళ్లమే.

తిరిగొచ్చేసరికి ఆ దంపతుల 18 నెలలు అయిపోయాయి. ముందే చెప్పారు, మేమే ఆలస్యం చేశాం. పేర్లు ఇచ్చేవాళ్లమా అంటే ఇచ్చేవాళ్లం కాదు. మా పెద్దల పేర్లు ఎవరి చేతిలో ఉండాలో మా ఊరు కూర్చుని తేల్చాలి, ముగ్గురు హాస్టల్ పిల్లలు కాదు. కానీ రాసుకున్న బుక్కు ఆమెకు చూపించాలని ఉండె.

వాళ్ల మతం మాకు అక్కర్లేదు, వాళ్లూ మమ్మల్ని రమ్మని పట్టుబట్టలేదు. ఆ ఇంటి నుంచి మేం తెచ్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. మీలో ఎంతమంది తాత దగ్గర ఆగిపోతారు? ఈ సెలవులకు ఇంటికి పోతే డోలీ తాతల దగ్గర కూర్చోండి. ఒప్పుకుంటే రాసుకోండి, రికార్డు చేసుకోండి. వద్దంటే విని గుర్తుపెట్టుకోండి. మా ఊరి డోలీ తాతకు డెబ్బై అయిదు దాటాయి.

తప్పులుంటే మన్నించండి. జై ఆదివాసీ.